ఉసిరి కింది దీపం నుంచి ఎల్ఈడీ చెట్టు దాకా

బెజవాడలో చెట్టుకూ దీపానికీ బంధుత్వం పాతదే. కార్తీకంలో ఉసిరి చెట్టు మొదట్లో దీపం పెట్టి, ఆ నీడనే వనభోజనాలు చేస్తాం. పోలి పాడ్యమి నాడు తెల్లారకముందే ఆడవాళ్లు అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి, గాలికి అరచేయి అడ్డం పెట్టి, మెల్లగా కృష్ణలోకి తోస్తారు. ఒక్కో దీపం కింద నీళ్లలో ఇంకో దీపం వణుకుతూ కనిపిస్తుంది. చుట్టూ చీకటి ఉంది కాబట్టే ఆ అందం.

కరెంటు దీపాలతో కథ చెప్పే సౌండ్ అండ్ లైట్ షో 1952లో ఫ్రాన్స్‌లోని షాంబోర్ కోటలో మొదలైంది. ఆ పద్ధతే మన గాంధీ కొండకూ వచ్చింది. ఒకప్పటి ఓర్ కొండ అది. పైనున్న 52 అడుగుల స్తూపాన్ని 1968లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు.

అసలు మలుపు మాత్రం 1990ల మొదట్లో, జపాన్‌లో నీలి ఎల్ఈడీ వెలిగినప్పుడు వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ అప్పటికే ఉన్నాయి. నీలం కూడా కలిసేసరికి తెలుపుతో సహా ఏ రంగైనా చేతికందింది. ఆ పనికి ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ ఇచ్చారు. కరెంటు ఖర్చు తగ్గింది, రంగులు కంప్యూటర్ మాట వినడం మొదలుపెట్టాయి. ఆస్ట్రేలియాలోని ఉలూరు అనే పెద్ద బండకొండ దగ్గర బ్రిటిష్ కళాకారుడు బ్రూస్ మన్రో 2016లో 50,000 దీపాల కాడలను నేలలో నాటి, ఎడారిని పూలతోటలా చేశాడు. మన పున్నమి ఘాట్‌లో 2024 అక్టోబరు 22న 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి.

పార్కులకొచ్చేసరికి ఈ దీపాల భారం చెట్టు మీద పడింది. నగరంలోని ఒక పార్కులో వేపమానుకు ఎప్పుడో బిగించి చుట్టిన సీరియల్ సెట్ చూశాను. బల్బులు పోయాయి, వైరు ఉండిపోయింది. బెరడు దాని మీదుగా పెరిగి, సగం మింగేసింది. లాగితే తొక్క ఊడొచ్చేలా ఉంది. రాత్రంతా వెలుతురు పడితే చెట్టుకు పగలూ రాత్రీ లెక్క తప్పుతుంది. నీలం, తెలుపు కాంతి పురుగుల్ని ఎక్కువగా లాగుతుంది, పసుపు కాంతి తక్కువ. మిణుగురులైతే జతను పిలుచుకునేదే తమ మెరుపుతో. ఇన్ని లైట్ల మధ్య ఆ పిలుపు ఎవరికి కనబడాలి?

పార్కుల్లో లైట్లు వద్దని నేననను. మన ఎండలకు పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లేదే పొద్దుగూకాక. దారి వెలుగుతుంటేనే ఆడపిల్లలు టెన్షన్ లేకుండా నడుస్తారు. ఆ వెలుగు దారి మీద పడాలి, కొమ్మల్లోకి కాదు. దీపాలను మానుకు చుట్టకుండా నేల మీద నిలబెట్టాలి, గేటు మూసే వేళకు ఆర్పేయాలి. అంతకన్నా ముందు, ఆ వేపమాను మీది వైరును మెల్లగా, ముక్కలు ముక్కలుగా కోసి తీయించాలి.