ఆడిషన్‌లో గొంతు వణికితే: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాట నేర్పే వాళ్లందరికీ తెలిసిన ప్రశ్న ఇది: "ఆడిషన్‌కి వెళ్తున్నాను, భయం పోవాలంటే ఏం చేయాలి?" 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పటి నుంచి ఆడిషన్ అన్న మాట మన ఇళ్లలో మామూలైపోయింది. టీవీ పోటీలు, ఆకాశవాణి, కాలేజీ ఫెస్టులు, విదేశాల్లో తెలుగు సంఘాల పోటీలు, అన్నింటికీ ఆడిషనే. భయం గురించి చెప్పుకునే మాటలు మాత్రం మారలేదు. భయాన్ని తరిమేయాలని చూస్తే ఉన్న శక్తి కాస్తా దానికే అయిపోతుంది. గుండె దడదడలాడుతున్నా చెదరని విధంగా పాటను సిద్ధం చేసుకోవడం మన చేతిలో ఉన్న పని. పిల్లలకు నేను నేర్పేది ఇదే.

అపోహ: నిజంగా పాట వచ్చినవాళ్లకు భయం ఉండదు.

అమెరికన్ గాయని బార్బ్రా స్ట్రైసాండ్ 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో పాడుతూ సాహిత్యం మర్చిపోయారు. ఆ భయంతో రెండు దశాబ్దాలకు పైగా టికెట్ కచేరీలకు దూరంగా ఉన్నారు. చెల్లో వాయిద్యంలో శిఖరం లాంటి పాబ్లో కసాల్స్‌ని వేదిక భయం జీవితాంతం వదల్లేదు. ఆడిషన్ గది ముందు నిలబడగానే శరీరంలో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగం హెచ్చుతుంది, ఊపిరి ఛాతీ పైభాగానికే పరిమితమవుతుంది, లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది, మెడ చుట్టూ, స్వరపేటిక చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. ప్రతిభ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఇది ఒకేలా జరుగుతుంది. చేతులు వణికాయి కాబట్టి నాకు పాట రాదు అనుకోవడం అన్యాయం.

అపోహ: పాట వస్తే చాలు, శృతి అక్కడికెళ్లి చూసుకోవచ్చు.

ఆడిషన్లలో ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

చాలా ఆడిషన్లలో మొదటి రౌండ్‌లో వాయిద్యాలు ఉండవు, ట్రాక్ ఉండదు. "పాడండి" అంటారు, అంతే. కంగారులో గొంతు బిగుసుకుని ఉంటుంది కాబట్టి పాట మామూలు కంటే పై శృతిలో, అంటే ఎత్తైన ఆధార స్వరంతో మొదలవుతుంది. శృతి అంకె పెరిగిన కొద్దీ గొంతు పైకి వెళ్లాలి. ఇంట్లో ఒకటిన్నర శృతికి పాడే అబ్బాయి అక్కడ రెండున్నరకో మూడుకో ఎత్తుకుంటాడు. ఐదు శృతి అమ్మాయి ఆరుకి వెళ్లిపోతుంది. పల్లవి బాగానే ఉంటుంది, పైపెచ్చు కాస్త మెరుపుగా కూడా వినిపిస్తుంది. చరణంలో తారస్థాయి (పై స్థాయి స్వరాలు) పట్టాల్సిన చోటికి వచ్చేసరికి గొంతు అందదు. అప్పుడు "భయంతో అపస్వరం పడింది" అంటారు. అపస్వరం అక్కడ పుట్టలేదు, ఎత్తుగడలోనే పుట్టింది.

దీనికి మందు సులువు. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకోండి. పేరు పిలిచే ముందు వరండాలో చెవికి దగ్గరగా పెట్టుకుని మీ షడ్జమం ('స' స్వరం) వినండి, నోరు మూసి సన్నగా హమ్ చేయండి. పాట మొదటి అక్షరం కంటే ముందు, చరణంలో అన్నింటికంటే పైకి వెళ్లే సంగతిని (స్వరాల మలుపును) మనసులో ఒకసారి పాడుకోండి. అది హాయిగా అందితే మీ శృతి సరిగ్గా ఉన్నట్టే. అనుమానంగా ఉంటే అర శృతి తగ్గించండి. ఆ తర్వాతే నోరు తెరవండి. ఈ కొన్ని క్షణాల మౌనం న్యాయనిర్ణేతలకు అసహనం కలిగిస్తుందని చాలామంది భయపడతారు. పాట తెలిసిన వాళ్లెవరికైనా, శృతి చూసుకుంటున్న గాయకుడిని చూస్తే గౌరవమే కలుగుతుంది.

లయకూ ఇదే గతి. గుండె పరిగెత్తితే పాట కూడా పరిగెత్తుతుంది. తొడ మీద వేలితో తాళం వేసుకుంటూ పాడడం అలవాటు చేసుకోండి. టీవీలో బాగుండదని కొందరు మాన్పిస్తారు, నేను మాన్పించను.

అపోహ: వందసార్లు పాడితే భయం అదే పోతుంది.

ఏ పద్ధతిలో వందసార్లు అన్నదే ముఖ్యం. మనం సాధన చేసేది ఇంట్లో, తెలిసిన గదిలో, తప్పు వస్తే ఆగి మళ్లీ మొదలుపెట్టే వీలుతో. ఆడిషన్‌లో ఆ వీలు ఉండదు. అందుకే చివరి రెండు వారాలు నా దగ్గర సాధన వేరేగా ఉంటుంది. రెండంతస్తుల మెట్లు గబగబా ఎక్కి వచ్చి, ఆయాసం తీరకముందే పల్లవి ఎత్తుకోవాలి. భయంలో గుండె ఎలా కొట్టుకుంటుందో అప్పుడూ అలాగే కొట్టుకుంటుంది, ఆ స్థితిలో పాడడం శరీరానికి అలవాటవుతుంది. రోజులో ఏదో ఒక సమయంలో, చెప్పకుండా పిలిచి ఒక్కసారే పాడిస్తాను. దాన్నే రికార్డు చేస్తాం, రెండో టేక్ లేదు. పొరుగువాళ్ల ముందు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ముందు పాడమంటాను. రెండో చరణం మధ్య నుంచి ఎత్తుకోమంటాను.

ఇంకో సంగతి. స్టూడియో గోడలు శబ్దాన్ని పీల్చేస్తాయి. హాల్లోనో బాత్‌రూమ్‌లోనో గుంగుమంటూ పాడుకున్నవాళ్లకు అక్కడ తమ గొంతే పలచగా వినిపిస్తుంది. వెంటనే గట్టిగా పాడడం మొదలుపెడతారు, గొంతు అలిసిపోతుంది. పరుపు, దుప్పట్లు, తలుపు తీసిన బట్టల బీరువా ఉన్న గదిలో ముందే పాడి చూడండి.

అపోహ: పాడే ముందు గుండె నిండా ఊపిరి పీల్చుకోవాలి.

నిండుగా పీలిస్తే భుజాలు పైకి లేస్తాయి, మెడ ఇంకా బిగుస్తుంది. ముందు ఊపిరి వదలండి. పళ్ల మధ్య నుంచి 'స్స్స్' అంటూ నెమ్మదిగా, పొట్ట లోపలికి వెళ్లేదాకా వదిలేస్తే, తర్వాతి ఊపిరి దానంతటదే కిందికి దిగుతుంది. సన్నటి స్ట్రా పెదవుల మధ్య పెట్టుకుని అందులోకి కూనిరాగం తీయడం కూడా మంచిది. స్వరతంత్రుల (గొంతులో కంపించి శబ్దం పుట్టించే పొరల) మీద ఒత్తిడి తగ్గుతుంది, వరండాలో పక్కవాళ్లకు ఇబ్బందీ ఉండదు.

అపోహ: తేనె, మిరియాల కషాయం, పటికబెల్లం గొంతును అప్పటికప్పుడు తెరుస్తాయి.

మనం మింగేది ఏదీ స్వరతంత్రులను తాకదు. తాకితే పొలమారుతుంది. వేడి నీళ్లు గొంతులో హాయినిస్తాయి, నోరు తడుపుతాయి, అంతవరకు మంచిదే. స్వరతంత్రులకు తేమ కావాలంటే ముందు రోజు నుంచే నీళ్లు తాగుతూ ఉండాలి. పుదీనా ఘాటున్న చప్పరింపు బిళ్లలు మాత్రం వద్దు. అవి చల్లగా మొద్దుబారేలా చేస్తాయి, గొంతు నలుగుతున్నా తెలియదు.

అపోహ: కష్టమైన పాట పాడితేనే సెలెక్ట్ చేస్తారు.

వణుకులో మొదట పోయేవి వేగమైన సంగతులు, దీర్ఘమైన తారస్థాయి స్వరాలు. మీ పాటంతా వాటి మీదే నిలబడి ఉంటే పాట మొత్తం పోతుంది. జ్వరంతో ఉన్న రోజు కూడా పాడగలిగే పాట ఎంచుకోండి. మధ్యలో "చాలు" అన్నారంటే నచ్చలేదని అర్థం చేసుకోనక్కర్లేదు. బయట వందలమంది ఉన్నప్పుడు, తేల్చుకోవడానికి వాళ్లకు పల్లవి సరిపోతుంది.

అపోహ: నా వణుకు అందరికీ కనిపిస్తోంది.

మీకు తెలిసినంతగా బయటికి తెలియదు. ప్రసంగాలు ఇచ్చేవాళ్ల మీద అమెరికాలో జరిగి 2003లో ప్రచురితమైన అధ్యయనంలో, తమ కంగారు ఎంత కనిపిస్తోందో వక్తలు ఎక్కువగా ఊహించుకున్నారని తేలింది. ఆ సంగతి ముందే తెలుసుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడారు కూడా.

అపోహ: పిల్లలకు "టెన్షన్ పడకు" అని చెప్తే ధైర్యం వస్తుంది.

ఆ మాటతో పిల్లలకు టెన్షన్ గుర్తొస్తుంది. హార్వర్డ్ పరిశోధకురాలు ఒకరు కరోకే పాడేవాళ్ల మీద చేసి 2014లో ప్రచురించిన ప్రయోగంలో, పాడే ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నవాళ్లు "నాకు కంగారుగా ఉంది" అన్నవాళ్ల కంటే శృతిలో, లయలో కచ్చితంగా పాడారు. కాబట్టి "ఇదుగో, నీ శరీరం పాటకు రెడీ అవుతోంది కన్నా" అనండి. అమ్మానాన్నలకు నా విన్నపం ఇంకొకటి ఉంది: వరుసలో నిలబడ్డాక దయచేసి సంగతులు దిద్దకండి. "అక్కడ గమకం సరిగ్గా రావాలి" అని చివరి నిమిషంలో చెప్తే, బిడ్డ పాటంతా ఆ గమకం కోసమే ఎదురుచూస్తూ పాడుతుంది.

అపోహ: ఒక మాత్ర వేసుకుంటే సరి.

ప్రొప్రనొలాల్ అనే బీటా బ్లాకర్ మాత్ర గుండె వేగాన్ని, చేతుల వణుకును తగ్గిస్తుంది. వాయిద్యకారుల్లో కొందరు డాక్టర్ సలహాతో వాడతారు. ఆస్తమా ఉన్నవాళ్లకు ఇది ప్రమాదకరం. తోటి పోటీదారు ఇచ్చాడని వేసుకోకండి, పిల్లలకు అసలే ఇవ్వకండి. నెలల తరబడి నిద్ర పట్టనంత భయం, ఆడిషన్ ఎగ్గొట్టేంత భయం ఉంటే మాత్రం డాక్టర్‌ని, కౌన్సెలర్‌ని కలవండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అపోహ: సాహిత్యం మర్చిపోతే అంతా అయిపోయినట్టే.

తాళం ఆపకండి. మాట గుర్తు రాకపోతే ఆ పాదాన్ని 'ఆ...' అంటూ అకారంతో పూరించి తర్వాతి పాదాన్ని అందుకోండి. "సారీ" అని ఆగి మొదటికి వెళ్తే తప్పు అందరికీ తెలుస్తుంది. ఈ పూరింపును కూడా ఇంట్లోనే సాధన చేయాలి: పాట మధ్యలో ఎవరినైనా చప్పట్లు కొట్టమనండి, కొట్టిన చోట మాటలు వదిలేసి రాగం కొనసాగించండి.