పోయిన భాగం వెంట ఏమేం పోయాయి?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీరు పట్టుకున్న పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఇంజిన్‌కి రాకర్ సెట్టు (వాల్వులను నొక్కి తెరిచే చేతుల వరస), డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది), రెండు కార్బురేటర్లు (పెట్రోలునీ గాలినీ కలిపేవి) లేవని రాశారు. మూడూ తెచ్చి బిగించేస్తే బండి స్టార్టవుతుందా అని అడిగారు. అవుతుంది, కానీ ఎక్కువ దూరం పోదు. ఇంజిన్ నుంచి ఒక భాగం పోయిందంటే దాని వెంట ఒక వాషరో, నట్టో, పెట్టి ఉంచిన ఒక కొలతో కూడా పోయినట్టే. పెద్ద భాగం లేదని ఎవరికైనా కనిపిస్తుంది. బండిని ఆపేది మాత్రం ఆ చిన్నవే. అందుకే ఈ ఉత్తరం నిండా చిన్నవాటి గురించే రాస్తున్నాను.

ముందు మీ ఇంజిన్ ఏదో తేల్చుకోండి. ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైంది. ఇంజిన్ 1798 సీసీయే అయినా లోపల చాలా మారింది. బ్లాకు మీది పలక మీద 18జీ, 18జీఏ అని ఉంటే క్రాంక్‌కి మూడు మెయిన్ బేరింగులు, 18జీబీ నుంచి ఐదు. నంబరు చూడకుండా భాగాలు కొంటే డబ్బు దండగ. మీ పలక మీద 18జీబీ అని ఉందన్నారు కాబట్టి కింద రాసే కొలతలన్నీ దానివే.

భాగాలు రాకముందే చేయాల్సిన పని ఒకటుంది. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి, ఒక రోజు వదిలేయండి. తర్వాత ముందున్న పుల్లీ నట్టుకి పానా వేసి, ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకి చేత్తో తిప్పండి. స్టార్టర్ జోలికి పోవద్దు. తెరిచి ఉన్న ప్రతి రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కి, ఎన్ని గుడ్డలు కుక్కారో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇన్‌లెట్ రంధ్రంలో మరిచిపోయిన గుడ్డ వల్ల పాడైన ఇంజిన్లు కొన్ని లేకపోలేదు.

ఇక రాకర్ సెట్టు. దీని వెంట పోయింది హెడ్డు బిగింపు. ఈ ఇంజిన్‌లో సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డుని పట్టి ఉంచే పెద్ద నట్లు 11. వాటిలో నాలుగు రాకర్ స్తంభాల మీదుగానే బిగుస్తాయి. అంటే రాకర్ సెట్టు తీసిన మనిషి ఆ నాలుగూ విప్పేశాడు. మీ హెడ్డు ఇన్నాళ్లూ మిగిలిన ఏడింటి పట్టు మీదే కూర్చుంది, ప్యాకింగు ఒక పక్క నొక్కుకుని, ఒక పక్క వదులై ఉంది. దాని మీదే కొత్త రాకర్ సెట్టు బిగించి నీళ్లు పోస్తే, నీళ్లు ఆయిల్‌లోకో సిలిండర్‌లోకో దారి వెతుక్కుంటాయి. కాబట్టి హెడ్డు దించి కొత్త ప్యాకింగు వేయాల్సిందే. ఇక్కడ పొదుపు చూడొద్దు. ప్యాకింగు మీద 'టాప్', 'ఫ్రంట్' అని అచ్చు ఉంటుంది, అది చూసి పెట్టండి. హెడ్డు కింది ముఖం మీద సరళమైన స్టీలు బద్ద ఆనించి, వెలుతురు దూరుతోందేమో అన్ని దిక్కులా చూడండి.

రాకర్లను కింది నుంచి నెట్టే కడ్డీలు, పుష్‌రాడ్లు, దింపేటప్పుడు ఒక్కొక్కటీ అడుగున క్యామ్ మీద ఆని ఉండే టాపెట్ గుంటలో కూర్చుందో లేదో వేళ్లకు తెలియాలి. పక్కకు జారి ఉంటే మిగతావాటి కంటే కాస్త ఎత్తుగానో పల్లంగానో కనిపిస్తుంది. టాపెట్లు దేని స్థానంలో అది ఉండాలి. అవి కలగాపులగమైపోయి ఉంటే కొత్త క్యామ్‌షాఫ్టు, కొత్త టాపెట్లు కలిపి వేయడమే దారి. అరిగిన క్యామ్ మీద వేరే టాపెట్ పెడితే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి.

రాకర్ షాఫ్టుని ఒక స్తంభంలో చిన్న స్క్రూ పట్టి ఉంచుతుంది. పాత సెట్టు కొన్నప్పుడు సాధారణంగా ఇదే ఉండదు. అది లేకపోయినా బండి నడుస్తుంది, మీకు అనుమానం రాదు. మెల్లగా షాఫ్టు తనలో తాను తిరిగి, ఆయిల్ రంధ్రాలు రాకర్ల నుంచి పక్కకు పోయి, బుష్‌లు ఎండిపోతాయి. పైన టిక్కుటిక్కుమని చప్పుడు మొదలయ్యేసరికి ఆలస్యమైపోతుంది.

సెట్టు కూర్చోబెట్టే ముందు ఎనిమిది సర్దుబాటు స్క్రూలనూ బాగా వదులు చేయండి. ఆ తర్వాత హెడ్డు నట్లను మధ్య నుంచి చివరలకు, మూడు విడతలుగా 45 నుంచి 50 పౌండ్-అడుగుల దాకా, అంటే 61 నుంచి 68 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి. రాకర్ స్తంభాల చిన్న నట్లకు 25 పౌండ్-అడుగులు చాలు. టార్క్ రెంచ్ లేకపోతే ఆ రోజు పని ఆపేయండి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు.

వాల్వు సందు చల్లటి ఇంజిన్ మీద 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఏ వాల్వు ఎప్పుడు చూడాలో గుర్తుంచుకోవడానికి తొమ్మిది లెక్క ఉంది. ముందు నుంచి వాల్వులకు 1 నుంచి 8 దాకా అంకెలు వేసుకోండి. 8వది పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు 1వది, 6వది తెరుచుకున్నప్పుడు 3వది, 4వది తెరుచుకున్నప్పుడు 5వది. రెండూ కలిపితే తొమ్మిది రావాలి, అంతే. ఫీలర్ గేజ్ రేకు లోపలికి పోయేటప్పుడు కాగితాల మధ్య నుంచి కాగితం లాగినంత పట్టు తగలాలి. లాక్‌నట్టు బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో సందు మారిపోతుంది.

ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్. రాకర్ సెట్టు తర్వాతే దీని సంగతి చూడమనడానికి కారణం ఉంది. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో పైకొచ్చిందో లేదో తెలుసుకోవడానికి ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి చూడమని అందరూ చెబుతారు. రాకర్లు లేని ఇంజిన్‌లో ఆ పరీక్ష అబద్ధం చెబుతుంది. వాల్వులన్నీ మూసుకునే ఉంటాయి కాబట్టి పిస్టన్ పైకొచ్చిన ప్రతిసారీ వేలిని నెడుతుంది. సగంసార్లు మీరు తప్పు చుట్టులో ఉంటారు. రాకర్లు ఉంటే చూడటం తేలిక. నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ, అంటే 7, 8, ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఊగిసలాడే చోట, ఒకటో పిస్టన్ కంప్రెషన్ చివర పైన ఉంటుంది.

డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పే ఏటవాలు పళ్ల గేరు బ్లాకులోనే ఉందా లేదా టార్చి వేసి చూడండి. దాని పైముఖంలో ఒక గాడి, గాడికి రెండు వైపులా ఒకటి పెద్దది ఒకటి చిన్నది అర్ధచంద్రాలు కనిపిస్తాయి. లేకపోతే కొత్తది వేయాలి. దాన్ని లోపలికి దింపడానికి 5/16 అంగుళాల యూఎన్ఎఫ్ (సన్న మరల) బోల్టు, మూడున్నర అంగుళాల పొడవుది, గేరు తలలోని మరలోకి నాలుగు చుట్లు తిప్పి పిడిలా పట్టుకోండి. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు చేతికి దగ్గరగా ఉంటుంది, కంటికి అలాగే కనిపిస్తుంది కూడా. దాని అడ్డుకొలత 8, దీనిది 7.94. కానీ ఒక అంగుళానికి దీనికి 24 మరలు, దానికి ఇరవై చిల్లర. ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, ఇంకా తిప్పితే మర చెడుతుంది. ఈ ఇంజిన్ మీద చేత్తో మూడు చుట్లు తిరగని బోల్టుకి పానా వేయొద్దు.

ఒకటో పిస్టన్‌ని అలా కంప్రెషన్ చివర పైన ఉంచి, గాడిని అడ్డంగా కంటే కొంచెం కిందకు వంచి, పెద్ద అర్ధచంద్రం పైన ఉండేలా పట్టుకుని గేరు దింపండి. పళ్లు ఏటవాలు కాబట్టి దిగుతూ దిగుతూ తనంతట తానే గడియారానికి ఎదురు దిక్కున తిరిగి, గాడి ఒంటిగంటకూ రెండుగంటలకూ మధ్య నిలబడుతుంది. ఎక్కడో ఆగితే తీసి ఒక పన్ను మార్చి మళ్లీ వేయండి. మొదటిసారికే కుదరాలని పంతం వద్దు.

పైన లూకస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్ వస్తుంది. దీని వెంట పోయే చిన్న వస్తువు సీబీ పాయింట్ల (రవ్వ కోసం కరెంటుని కలిపి విడదీసేవి) దగ్గర ఉండే ప్లాస్టిక్ వాషరు. దాని పనేమిటో దగ్గరగా చూడండి. పాయింటు స్ప్రింగు, కండెన్సర్ తీగ, కాయిల్ నుంచి వచ్చే తీగ మూడూ ఒకదానికొకటి ఆనాలి. ఆ మూడిట్లో ఏదీ మధ్యలో ఉన్న స్తంభానికి గానీ పలకకు గానీ ఆనకూడదు. ఆ మూడింటినీ స్తంభం నుంచి వేరుగా ఉంచేది ఆ చిన్న వాషరే. అది లేకుండా బిగిస్తే పాయింట్లు తెరుచుకున్నా కరెంటు స్తంభం గుండా ఎర్త్ అయిపోతుంది, ప్లగ్గులో రవ్వ పుట్టదు. కాయిల్ మార్చి, ప్లగ్గులు మార్చి, చివరికి బ్యాటరీ మార్చినవాళ్లున్నారు.

పాయింటు సందు 0.014 నుంచి 0.016 అంగుళం, ప్లగ్గు సందు 0.025. డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ గడియారానికి ఎదురు దిక్కున తిరుగుతుంది. ప్లగ్గు తీగలు ఒకటి, మూడు, నాలుగు, రెండు వరసలో, రోటర్ తిరిగే వైపే పెట్టాలి. స్టాటిక్ టైమింగ్, అంటే ఇంజిన్ ఆపి ఉంచి సరిచేసే రవ్వ సమయం, పిస్టన్ పైస్థానానికి 10 డిగ్రీల ముందు. పుల్లీ గాడిని టైమింగ్ కవర్ మీది 10 డిగ్రీల ముల్లుకి సరిచేసి, డిస్ట్రిబ్యూటర్ తీగ కొసకూ ఎర్త్‌కూ మధ్య చిన్న బల్బు పెట్టి, స్విచ్ వేసి, డిస్ట్రిబ్యూటర్‌ని మెల్లగా తిప్పండి. బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు విడిపోయినట్టు. ఇంకొక మాట, మొదట్లో వచ్చిన ఈ బండ్లకు బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ ఉంటుంది. 1967 చివర్లో అది మారింది. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ కిట్టు కొనాలనుకుంటే ముందు అది చూసుకోండి. తప్పుది కొంటే మొదటి స్విచ్‌కే మాడిపోతుంది.

కార్బురేటర్లకు వెళ్లేముందు బ్లాకు ఎడమ పక్కనున్న రెండు టాపెట్ కవర్ల ప్యాకింగులు మార్చేయండి. మేనిఫోల్డ్ (గాలి, పొగ పోయే గొట్టాల దిమ్మ) ఎక్కాక వెనక కవర్‌కి చెయ్యి పట్టదు. మేనిఫోల్డ్ నట్లకు 15 పౌండ్-అడుగులు. ఇన్‌లెట్‌నీ ఎగ్జాస్ట్‌నీ కలిపి నొక్కే మందపాటి పెద్ద వాషర్లు ఉన్నాయో లేదో చూడండి. వాటి బదులు మామూలు వాషర్లు వేస్తే ఏదో ఒకటి వదులుగా ఉండి గాలి పీల్చుకుంటుంది.

కార్బురేటర్లు ఎస్‌యూ హెచ్‌ఎస్4 జంట. మేనిఫోల్డ్ నుంచి బయటకు వరస ఇది: ప్యాకింగు, వేడిని ఆపే దళసరి దిమ్మ, ప్యాకింగు, హీట్ షీల్డ్ రేకు, ప్యాకింగు, కార్బురేటర్. ఒక్కోదానికి మూడు చొప్పున ప్యాకింగులు ఆరు. దిమ్మ మానేస్తే పెట్రోలు వేడెక్కి ఆవిరై, ఆపిన వేడి ఇంజిన్ మళ్లీ స్టార్టవదు. పాత హీట్ షీల్డ్ వెనక తెల్లటి పొర ఉంటే అది ఆస్బెస్టాస్ అయ్యే అవకాశం ఎక్కువ. గీకొద్దు, తోమొద్దు, గాలి కొట్టొద్దు. మొత్తంగా కొత్తది వేసేయండి.

కార్బురేటర్ లోపలి పిస్టన్, దాని మీది గుమ్మటం ఒకదానికొకటి జతగా సరిపోయేలా తయారైనవి. రెండు కార్బురేటర్లనూ ఒకే పళ్లెంలో విప్పి కలిపేయకండి. పిస్టన్ అడుగున ఉండే సూది (పెట్రోలు వచ్చే జెట్టులోకి దిగేది) భుజం పిస్టన్ అడుగు ముఖంతో సమంగా ఉండాలి. వేలితో పిస్టన్ ఎత్తి వదిలితే 'టక్'మని లోహం తగిలిన చప్పుడు రావాలి. మెత్తగా దిగితే జెట్టు మధ్యలో లేదు, సూది రాసుకుంటోంది. జెట్టుని పైఅంచుకి సమంగా తెచ్చి, అక్కడి నుంచి రెండు పూర్తి చుట్లు కిందకు దించితే స్టార్టవడానికి చాలు. గుమ్మటం పైన డ్యాంపర్‌లో 20 గ్రేడ్ ఆయిల్, బోలు కడ్డీ పైఅంచు కంటే అరంగుళం ఎత్తుకు పోయండి. డ్యాంపర్ లేని కార్బురేటర్ నిలకడ వేగంలో బాగానే ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కగానే దగ్గుతుంది.

ఆయిల్ ఫిల్టర్‌తో కలిపి 4.26 లీటర్లు. ప్లగ్గులు పెట్టకముందే స్టార్టర్ తిప్పి ఆయిల్ గేజ్ ముల్లు లేచేదాకా చూడండి. సిలిండర్లలో ఒత్తిడి లేనప్పుడు బేరింగుల మీద బరువు పడదు. ముల్లు లేవకపోతే స్టార్ట్ చేయకండి. ఇంజిన్ వేడెక్కి పరిగెడుతున్నప్పుడు 50 నుంచి 80, ఐడ్లింగ్‌లో 10 నుంచి 25 పౌండ్లు (చదరపు అంగుళానికి) చూపించాలి. క్యామ్ కొత్తదైతే స్టార్టవగానే ఐడ్లింగ్‌కి దించకుండా నిమిషానికి 2000 తిరుగుళ్ల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచండి.

పూర్తిగా వేడెక్కాక ఆపి, రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు హెడ్డు నట్లు అదే వరసలో మళ్లీ చూడండి. వాటితోపాటు వాల్వు సందులు కూడా. రాకర్ కవర్ రెండు నట్లకు నాలుగు పౌండ్-అడుగులకు మించి వద్దు, రేకు వంగి ఆయిల్ కారుతుంది.

గుడ్డలు లెక్కబెట్టారా?

ఆశీస్సులతో,
మీ పెదనాన్న