మీ కుండీలో మామిడి మొక్క గురించి అమ్మమ్మ ఉత్తరం

చిరంజీవులైన నా మనవడికీ, మనవరాలికీ,

అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు పంపిన ఫోటో చూశాను. పోయిన మే నెలలో మన పెరటి అరుగు మీద కూర్చుని మీరు తిన్న బంగినపల్లి పండు టెంక, ఏడాది తిరిగేసరికి మీ బాల్కనీలో పెన్సిలంత లావు మొక్క అయింది. కొత్త చిగురు రాగి రంగులో మెరుస్తుంటే ఫోన్ పక్కన పెట్టబుద్ధి కాలేదు. "అమ్మమ్మా, బంగినపల్లి పళ్ళు ఎప్పుడు కాస్తుంది?" అని అడిగారు. అది రెండు ముక్కల్లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

ముందు నిజం చెప్పాలి. ఆ మొక్కను అలాగే వదిలేస్తే ఆరేడేళ్ళకో, ఇంకా ఆలస్యంగానో కాస్తుంది. కానీ అది కాసేవి బంగినపల్లి పళ్ళు కావు. మామిడి పూత మీద ఈగలు వాలి, ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టు పువ్వుకు చేరుస్తాయి. పండేమో తల్లి చెట్టుదే, కానీ లోపలి టెంకలో ఉన్నది కొత్త బిడ్డ. మీరిద్దరూ మీ అమ్మ పోలికే, అయినా మీరు మీ అమ్మ కారు కదా, అలాగన్నమాట. కేరళ వైపు కొన్ని మామిళ్ళ టెంకలో ఒకటికి మించి మొలకలు వస్తాయి, వాటిలో చాలావరకు అచ్చం తల్లిలాగే పెరుగుతాయి. మన బంగినపల్లి, రసాలు అలాంటివి కావు. టెంకకు ఒకే మొలక, ఆ మొలకది దాని సొంత గుణం.

మరి ఊరూరా ఒకే రుచి బంగినపల్లి ఎలా దొరుకుతోంది? కొమ్మ వల్ల. నంద్యాల జిల్లాలో బనగానపల్లె అని ఊరుంది, పండుకు పేరు అక్కడిదే. 2017లో ఫలానా ప్రాంతానిదని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. బంగినపల్లి చెట్టు కొమ్మ తెచ్చి ఒక టెంక మొక్కకు అంటు కట్టడం, అది పెద్దదయ్యాక దాని కొమ్మ ఇంకో మొక్కకు కట్టడం, ఇలా చేతి నుంచి చేతికి వచ్చింది. అంటే మన పెరట్లో చెట్టు బంగినపల్లికి బిడ్డ కాదు, ఆ చెట్టు కొమ్మే.

అంటు ఎలా అతుక్కుంటుందో చెప్తాను. మామిడి పుల్ల బెరడు కొంచెం ఒలిచి చూడండి. బెరడుకూ చెక్కకూ మధ్య తడిగా, జారుడుగా ఉంటుంది. అక్కడ ఒక పలచటి పొర ఉంది, మీ సైన్స్ పుస్తకంలో దాన్ని కాంబియం అంటారు. కొమ్మ లావెక్కేది ఆ పొర వల్లే. రెండు కొమ్మలను కోసి, ఈ పొర ఆ పొరకు ఆనేలా కదలకుండా కడితే, రెండు వైపులా కొత్త కణాలు పుట్టి గాయం పూడుతుంది. తరవాత కింది వేర్లు పీల్చిన నీళ్ళు పై కొమ్మకు అందుతాయి. అతుకు కలిసిందని గుణం కలవదు. అతుకు కింద వచ్చే చిగురు టెంక మొక్కదే, పైన కాసే కాయ పై కొమ్మదే.

మామిడి మీద జామ కట్టొచ్చా అని చిన్నప్పుడు నేనూ అడిగాను. కుదరదు. జీడిమామిడి మామిడికి చుట్టమే, ఒకే కుటుంబం, అయినా దాని కొమ్మ మామిడి మీద నిలవదు. మామిడి మీద మామిడి మాత్రం ఎన్ని రకాలైనా కట్టొచ్చు. ఉత్తరప్రదేశ్‌లో మలిహాబాద్ అనే ఊళ్ళో హాజీ కలీముల్లా ఖాన్ గారు ఒకే చెట్టు మీద 300 రకాలకు పైగా కట్టారు. 2008లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఇప్పుడు మన బావి మామిడి సంగతి. మా అమ్మ, అంటే మీ ముత్తమ్మమ్మ, కాపురానికి వచ్చిన కొత్తలో బావి పక్కన ఒక టెంక పాతింది. ఏ రకమో ఎవరికీ తెలియదు. కాయ పులుపు, కండ గట్టి, పీచు తక్కువ. ఆవకాయ పెడితే ఏడాది దాటినా ముక్క మెత్తబడేది కాదు. టెంక నుంచి పుట్టింది కాబట్టి లోకంలో అలాంటి చెట్టు అదొక్కటే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే బావి మామిడి వేళ్ళతో సహా పడిపోయి ఉంది. మా అమ్మ పోయినప్పుడు ఏడ్చినట్టే ఏడ్చాను.

మీ తాతయ్య మాత్రం కత్తి తీశారు. ఆకులు గాలికి రాలిపోయినా కొమ్మల చివర మొగ్గలు పచ్చిగానే ఉన్నాయి. పడిన చెట్టు కొమ్మలో ప్రాణం కొన్నాళ్ళే ఉంటుంది. పుల్లలు కోసి తడి గుడ్డలో చుట్టాం. నాలుగిళ్ళు తిరిగి, చెత్తకుప్పల పక్కన మొలిచిన టెంక మొక్కలు ఎనిమిది తవ్వి తెచ్చి సంచుల్లో పెట్టాం. కరెంటు లేదు, పగటి వెలుతురులోనే కట్టాం. ఆరు ఎండిపోయాయి. రెండు చిగురించాయి. ఇప్పుడు బావి పక్కన మీరు ఉయ్యాల కట్టుకునేది, గేటు దగ్గర ఉన్నది ఆ రెండే. మొన్న మీకు పంపిన ఆవకాయ వాటి కాయలతో పెట్టిందే.

మీ మొక్క మీద ఆ బావి మామిడి కడదాం. ఈ వానాకాలమే మంచి అదను. గాలిలో తేమ ఉంటే పుల్ల ఎండిపోదు. మీ మొక్కను జానెడు ఎత్తులో అడ్డంగా కోసి, నడిమి నుంచి అంగుళన్నర లోతు చీలుస్తాం. అర జానెడు పుల్లను రెండు వైపులా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దింపుతాం. రెండూ ఒకే లావు ఉండాలి. తేడా ఉంటే ఒక పక్కనైనా బెరడు బెరడుకు సరిగ్గా ఆనాలి. కోసిన చోట వేలు పెట్టకూడదు. ప్లాస్టిక్ టేపు బిగించి చుట్టి, పైన పొడుగాటి ఐస్ ప్యాకెట్ కవరు టోపీలా తొడుగుతాం. నీడలో పెడితే మూడు వారాల్లో మొగ్గ విచ్చుకుంటుంది. అప్పుడు కవరు తీసేయాలి. టేపు రెండు మూడు నెలలకు కోసేయాలి. మరిచిపోతే కాండానికి ఉరి బిగిసినట్టవుతుంది.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. అతుకు కింద వచ్చే చిగుళ్ళు ఎప్పటికప్పుడు గిల్లేయాలి. పెరటి గుమ్మం దగ్గర చిన్న రసం అంటు ఒకటి వేశాను. కింది చిగురు బలంగా ఉందని ముచ్చటపడి ఉంచేశాను. అది పైదాన్ని మింగేసింది. ఆరేళ్ళు నీళ్ళు పోస్తే పీచు కాయలు కాసింది. ఆ చెట్టును తప్పుపట్టలేను, తప్పు నాదే. రెండేళ్ళయ్యాక మీ మొక్కను తెచ్చి ఇక్కడ నేలలో పెడదాం. అతుకు మట్టిలో కూరుకుపోకుండా పైకి ఉంచాలి. మొదటి రెండు మూడేళ్ళు పూత వచ్చినా తుంచేయాలి. మీకు మనసొప్పదు, నాకు తెలుసు. ముందు చెట్టు కాయ మోసేంత గట్టిపడాలి.

మీరు ఎప్పుడొస్తారో తేదీ ముందే చెప్పండి. అంటుకు మూడు నాలుగు నెలల వయసు కొమ్మ, పూత రానిది కావాలి. గేటు దగ్గర చెట్టుకు అలాంటివి ఐదు చూసి దారం కట్టి ఉంచాను. కోయడానికి పది రోజుల ముందు వాటి ఆకులు తుంచి, తొడిమలు మాత్రం ఉంచాలి. అలా చేస్తే మొగ్గ ఉబ్బుతుంది. తొడిమ ముట్టుకోగానే రాలిపోతే పుల్ల సిద్ధమైనట్టు. అది మీ వేలితోనే ముట్టుకుని చూద్దురుగాని. మొక్కను కారులో నిలబెట్టి తీసుకురండి, కుండీకి బస్తా చుట్టమని మీ నాన్నకు చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ