అసలు అలీని మనం చూసింది ఎంతసేపు?

బాక్సర్ ముహమ్మద్ అలీ ఉచ్ఛదశ ఏదన్న వాదన రాగానే చాలామంది 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో జరిగిన పోరును చూపిస్తారు. అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ జార్జ్ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టిన పోరు అది. అప్పటికి అలీకి 32 ఏళ్లు. ఒంటి సత్తువ, వేగం లెక్కన చూస్తే ఆయన ఉచ్ఛదశ 1967లోనే తెగిపోయింది.

1966 నవంబర్ 14న హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను రెండో రౌండ్‌లో మూడుసార్లు, మూడో రౌండ్‌లో మరోసారి పడేశాడు. దాన్నే అలీ అత్యుత్తమ పోరు అంటారు. అయితే విలియమ్స్ అప్పటికే పోలీసు తూటా దెబ్బకు ఒక కిడ్నీ పోగొట్టుకున్న మనిషి. కాబట్టి అక్కడ గెలుపును కాదు, అలీ పాదాలను చూడాలి. వెనక్కి జరుగుతూ కూడా బలంగా కొట్టాడు.

శిక్షకులు నేర్పే పద్ధతి ప్రకారమైతే ఆయన ఆటంతా తప్పులే. చేతులు నడుము దగ్గర వేలాడేవి. పంచ్ వస్తే తల పక్కకు తప్పించకుండా నేరుగా వెనక్కి వాల్చేవాడు. కాళ్లు రెప్పపాటు ముందు కదిలితేనే ఇది చెల్లుతుంది.

1967 ఏప్రిల్ 28న, వియత్నాం యుద్ధ కాలంలో, అమెరికా సైన్యంలో చేరనన్నాడు. అందుకు జైలు శిక్ష పడింది. టైటిల్, లైసెన్సులు పోయాయి. అప్పటికి 29 పోరాటాలు, ఓటమి లేదు. 25 ఏళ్ల వయసు. మళ్లీ రింగెక్కింది 1970 అక్టోబర్‌లో, 28 ఏళ్లకు. 1971 మార్చి 8న అప్పటి ఛాంపియన్ జో ఫ్రేజియర్‌తో తలపడినప్పుడు చేతులు కిందికి దించే పాత అలవాటు అలాగే ఉంది, దాన్ని కాచే కాళ్లు లేవు. పదిహేనో రౌండ్‌లో లెఫ్ట్ హుక్ దవడకు తగిలి వెల్లకిలా పడ్డాడు. మూడు నెలలు దాటాక, జూన్ 28న, అమెరికా సుప్రీంకోర్టు 8–0తో ఆ శిక్ష కొట్టేసింది.

ఇక మిగిలింది దెబ్బలు ఓర్చుకునే శక్తి. తాళ్లకు ఆనుకుని, ముంజేతులతో ముఖం కప్పుకుని, ఎదుటివాడు అలిసేదాకా కొట్టించుకోవడం. కిన్షాసాలో ఫోర్‌మన్ అలాగే అలిసిపోయాడు. ప్రపంచం అలీని గుర్తుపెట్టుకున్నది ఈ రెండో అలీతోనే, ఆ కీర్తి న్యాయమైనదే. కానీ దాని ఖరీదు ఒంటి మీదే పడింది. 1975లో మనీలాలో మళ్లీ ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు. 1977లో ఎర్నీ షేవర్స్ అనే బాక్సర్‌తో 15 రౌండ్లు, ఆ తర్వాత అలీ డాక్టర్ ఫెర్డీ పచెకో జట్టు వదిలి వెళ్లిపోయాడు. అలీ ఆగలేదు. జీవితంలో ఓడిన ఐదు పోరాటాలూ తిరిగొచ్చాక ఓడినవే. 1980లో, 38 ఏళ్ల వయసులో, లారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిన్నాక స్టూలు మీద నుంచి లేవనివ్వకుండా అలీ శిక్షకుడు ఏంజెలో డండీనే పోరు ఆపించాడు.