రెండో రౌటర్ కలిపితే ఏమవుతుంది: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు మూలాపేటలో పాతకాలపు మిద్దె ఇళ్లు చూసినవాళ్లకు తెలుసు, గోడ మందం మూరెడు ఉంటుంది. ముందుగదిలో రౌటర్ పెడితే వంటింటికి వచ్చేసరికి సిగ్నల్ ఒక్క గీతకు పడిపోతుంది. మాగుంట లేఅవుట్ వైపు కొత్త ఇళ్లకు గోడలు పల్చనే గానీ, కింది పోర్షన్‌కీ పై పోర్షన్‌కీ మధ్య ఇనుప చువ్వలు పోసిన స్లాబు. ఎక్కడైనా చివరికి రెండో రౌటర్ దగ్గరికే వస్తుంది కథ. 12 ఏళ్లుగా నేను ఈ ఇళ్లలో వైర్లు లాగుతున్నాను. రౌటర్ కొనడం ఎవరికీ కష్టం కాదు. దాన్ని మొదటిదానితో కలిపేటప్పుడే షాపు కుర్రాడు ఒకటి చెప్తాడు, ఎదురింటి ఇంజనీరింగ్ అబ్బాయి ఇంకొకటి చెప్తాడు. నేను ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: రెండు పెడితే స్పీడ్ రెట్టింపు అవుతుంది.

కాదు. మీరు 100 ఎంబీపీఎస్ ప్లాన్ కడితే ఇంట్లో పది రౌటర్లు పెట్టినా ఆ 100నే పంచుకోవాలి. రెండో రౌటర్ చేసేది సిగ్నల్ అందని గదికి సిగ్నల్ అందించడం, అంతే. అసలు కొనేముందు ఉన్న రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి హాలు మధ్యలో కాస్త ఎత్తులో పెట్టి చూడండి. బీరువా మీద మాత్రం వద్దు, అది ఇనుము. కొన్ని ఇళ్లలో అక్కడితోనే పని అయిపోతుంది. నాకు ఒక బేరం పోతుంది, పర్లేదు.

అపోహ: రెండు రౌటర్ల మధ్య కేబుల్ గుచ్చితే చాలు, అవే కలుసుకుంటాయి.

నా ఫోన్ ఎక్కువగా మోగేది దీనివల్లే. మూలాపేటలోనే ఒక రిటైర్డ్ మాస్టారు పిలిచారు. "ఏంది అబ్బయ్యా ఇది! మావోడికి పైన మీటింగ్ పొద్దున్నించి తెగిపోతానే ఉంది. నా ఫోనేమో బ్రహ్మాండంగా ఉంది. టీవీ రాత్రి వచ్చింది, ఇప్పుడు రావట్లా." ఒకే ఇంట్లో ఒకదానికి వచ్చి ఇంకోదానికి రాకపోవడం, ఫోన్‌లో 'కనెక్టెడ్, ఇంటర్నెట్ లేదు' అని పడటం వినగానే చాలాసార్లు అర్థమైపోతుంది. పైకెళ్లి చూస్తే అనుకున్నదే. కొత్త రౌటర్‌ని అట్ట పెట్టెలోంచి తీసి, కింది రౌటర్ నుంచి వచ్చిన కేబుల్‌ని దాని ల్యాన్ పోర్టులో, అంటే ఇంట్లో పరికరాలను తగిలించే కన్నంలో, గుచ్చేశారు. సెట్టింగ్ ఒక్కటీ ముట్టుకోలేదు.

ఇంట్లో ప్రతి ఫోనుకూ, టీవీకీ, ప్రింటర్‌కూ ఒక ఐపీ నంబరు, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో దాని అడ్రస్, కావాలి. దాన్ని ఇచ్చే పని రౌటర్‌లో డీహెచ్‌సీపీ అనే సర్వీసు చూసుకుంటుంది. డాక్టరు గారి క్లినిక్‌లో టోకెన్లు ఇచ్చే కాంపౌండర్ అనుకోండి. గుమ్మంలో ఇద్దరు కాంపౌండర్లు చెరో టోకెన్ల కట్ట పట్టుకుని కూర్చుంటే 5వ నంబరు ఇద్దరు పేషెంట్ల చేతిలో ఉంటుంది. అంతటితో ఆగితే బాగుండు. ఆ రెండో కాంపౌండర్ తన దగ్గర టోకెన్ తీసుకున్నవాళ్లను డాక్టరు లేని గదిలోకి పంపిస్తాడు. ఎందుకంటే రౌటర్ నంబరుతో పాటు 'బయటికి వెళ్లాలంటే నా దగ్గరికి రా' అని తన అడ్రస్ కూడా ఇస్తుంది. రెండో రౌటర్‌కి బయటి దారే లేదు కదా. మాస్టారి ఫోను కింది రౌటర్ దగ్గర టోకెన్ తీసుకుంది. వాళ్లబ్బాయి ల్యాప్‌టాప్ ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ తీసుకుంటోంది.

పైగా రెండు రౌటర్ల అడ్రసూ 192.168.1.1. ఒకే వీధిలో రెండు ఇళ్లకు ఒకే డోర్ నంబరు వేసినట్టు.

సరిచేయడానికి పావుగంట పట్టింది. ముందు ఆ కేబుల్ పీకేశాను. రెండో రౌటర్‌ని ఒంటరిగా ఉంచి, నా ల్యాప్‌టాప్‌కి మాత్రమే తగిలించి, దాని అడుగున స్టిక్కర్ మీదున్న అడ్రస్‌తో దాని సెట్టింగుల్లోకి వెళ్లాను. మొదట దాని ఐపీని 192.168.1.2గా మార్చి సేవ్ చేశాను. అది ఆగి మళ్లీ లేచాక కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయి డీహెచ్‌సీపీని ఆపేశాను. ఈ వరస తిరగేస్తే, అంటే డీహెచ్‌సీపీని ముందే ఆపేస్తే, మీ ల్యాప్‌టాప్‌కి నంబరు దొరక్క మళ్లీ లోపలికి వెళ్లడానికి తంటాలు పడతారు. తర్వాత కింది రౌటర్‌లో నంబర్లు పంచే వరస 192.168.1.10 నుంచి మొదలయ్యేలా మార్చాను, లేకపోతే ఆ 2వ నంబరు ఎప్పుడో ఏ ఫోనుకో ఇచ్చేస్తుంది. ఆ పైన కేబుల్ కింది ల్యాన్ నుంచి పైన ల్యాన్‌కి. వేరే రంగులో, విడిగా ఉండే వ్యాన్ పోర్టు (బయటి నెట్ వైరు పెట్టే కన్నం) ఖాళీగానే వదిలేశాను. చివరగా ఇంట్లో అన్ని ఫోన్లకూ వైఫై ఒకసారి ఆపి ఆన్ చేయించాను, పాత టోకెన్లు పోవాలి కదా.

మీ మెయిన్ రౌటర్ అడ్రస్ 192.168.0.1 అయితే రెండోది 192.168.0.2 అవ్వాలి, మొదటి మూడు భాగాలూ కలవాలి. ఇప్పుడొచ్చే చాలా మోడళ్లలో 'యాక్సెస్ పాయింట్ మోడ్' అని ఒకటుంటుంది. అది పెడితే ఈ తతంగం చాలావరకు అదే చూసుకుంటుంది, కేబుల్ వ్యాన్ పోర్టులో పెట్టినా పనిచేస్తుంది. మీ ఇంట్లో ఇదే జబ్బు ఉందేమో చూడాలంటే నెట్ రాని ఫోన్‌లో వైఫై వివరాల్లోకి వెళ్లి 'గేట్‌వే' దగ్గర ఏ నంబరు ఉందో చూడండి. మెయిన్ రౌటర్‌ది కాకుండా ఇంకోటి కనిపిస్తే దొంగ దొరికినట్టే. మాస్టారింట్లోలా రెండిటి అడ్రసూ ఒకటే అయితే మాత్రం ఇలా తెలియదు.

అపోహ: వ్యాన్ పోర్టులో పెడితే నెట్ రాదు.

వస్తుంది. యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టకపోయినా, రెండు రౌటర్ల అడ్రస్ వరసలు వేరుగా ఉంటే, అంటే మొదటి మూడు భాగాలు కలవకపోతే, చక్కగా వస్తుంది. కాకపోతే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు తయారవుతాయి. దీన్నే డబుల్ నాట్ అంటారు. వీడియోలు చూసేవాళ్లకు తేడా తెలియదు. కింద ఉన్న ఫోన్‌కి పైనున్న ప్రింటర్ కనబడదు, ఫోన్‌లో బొమ్మను పై టీవీ మీదికి పంపలేరు, కొన్ని ఆన్‌లైన్ గేములు పేచీ పెడతాయి.

పైన అద్దెకు ఉన్నవాళ్ల కోసం కావాలనే ఇలా పెట్టించుకునే ఓనర్లున్నారు, 'వాళ్లు మా వైపు రాకుండా ఉంటారు' అని. ఇక్కడే పొరపాటు. రెండో రౌటర్ వెనక ఉన్నవాళ్లు మొదటి రౌటర్ వైపున్న కెమెరా, ప్రింటర్ల దాకా వెళ్లగలరు. అడ్డం ఉండేది మొదటి రౌటర్ వైపు నుంచి రెండోదాని వెనక్కి రావడానికే. అంటే ఓనర్ రెండో రౌటర్ వెనక ఉండాలి, అద్దెవాళ్లు మొదటిదాని మీద ఉండాలి. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ శాతం తలకిందులుగా ఉంటుంది. అన్నిటికంటే సులువు, మెయిన్ రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి దాని పాస్‌వర్డే ఇవ్వడం.

అపోహ: రెండిటికీ ఒకే వైఫై పేరు పెడితే కొట్టుకుంటాయి.

పేరు ఒకటే పెట్టండి, పాస్‌వర్డ్ ఒకటే, సెక్యూరిటీ రకం కూడా ఒకటే. వేరుగా ఉండాల్సింది ఛానల్, అంటే వైఫై సిగ్నల్ నడిచే దారి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11. కింద 1 పెడితే పైన 6 లేదా 11 పెట్టండి, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. మెట్లెక్కేటప్పుడు ఏ రౌటర్‌ని పట్టుకోవాలో తేల్చుకునేది ఫోనే. కొన్ని ఫోన్లు మహా మొండివి, పై గదిలో కూర్చుని కూడా కిందిదాన్నే పట్టుకు వేలాడతాయి. అప్పుడు కింది రౌటర్ పవర్‌ని కొంచెం తగ్గిస్తే దారికొస్తాయి.

అపోహ: రిపీటర్ ఉండగా వైరు ఎందుకు?

రిపీటర్ అంటే వైరు లేకుండానే వైఫై సిగ్నల్‌ని పట్టి ముందుకు పంపే పెట్టె. గోడకు మేకు కొట్టనివ్వని ఇంట్లో అది తప్పదు. కానీ ఒకే రేడియో ఉన్న రిపీటర్ విన్న మాటనే మళ్లీ చెప్పాలి కాబట్టి స్పీడ్ దాదాపు సగానికి పడుతుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు జనం. దానికే వినబడకపోతే మీకేం చెప్తుంది? సగం దారిలో పెట్టాలి. మెష్ అని అమ్మేవి (ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే రెండు మూడు పెట్టెల సెట్టు) ఇంతకంటే మెరుగే, అయినా వాటిని కూడా వైరుతో కలిపితే ఇంకా బాగుంటాయి.

అపోహ: వైరు ఏదైనా ఒకటే.

పాత గోడ మీద పొడుగ్గా లాగినప్పుడు తెలుస్తుంది. క్యాట్ 5ఈ రకం మంచి రాగి కేబుల్ 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) మోస్తుంది. చవకగా దొరికేవాటిలో రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. బ్లేడుతో తీగను కాస్త గీకండి, లోపల తెల్లగా మెరిస్తే వద్దనండి. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ ఆడాలి, 100 ఎంబీపీఎస్‌కి నాలుగు చాలు. అందుకే తలుపు సందులో నలిగి ఒక తీగ తెగినా నెట్ పూర్తిగా పోకుండా 100 దగ్గర బిగుసుకుపోవచ్చు. 200 ప్లాన్ కట్టి 'కంపెనీవాళ్లు మోసం చేస్తున్నారు' అని తిట్టుకునేవాళ్లు ముందు ఆ వైరూ, రెండో రౌటర్ పోర్టులూ చూడాలి. చవక మోడళ్లలో చాలావాటికి పోర్టులే 100వి.

ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర షెడ్డులో కెమెరాకి ఇంటి నుంచి ఈ వైరే లాగమంటారు. 100 మీటర్లు దాటితే వద్దు. తక్కువైనా గట్టు మీద ఆరుబయట రాగి తీగ అంటే ఉరుములు మెరుపుల కాలంలో రెండు చివర్లా పెట్టెలు కాలిపోయే ప్రమాదం ఉంది. ఫైబర్ లాగి రెండు వైపులా కన్వర్టర్లు పెట్టుకోవడం మేలు.

అపోహ: నెట్ రాకపోతే రీసెట్ కొట్టాలి.

ఆపి ఆన్ చేయడం వేరు, వెనక చిన్న కన్నంలో పిన్నుతో నొక్కడం వేరు. రెండోది చేస్తే మీ సెట్టింగులన్నీ పోయి రౌటర్ షాపు నుంచి వచ్చిన రోజుకు వెళ్లిపోతుంది. మాస్టారింట్లో పని ముగించాక రెండో రౌటర్ అడుగున తెల్ల టేపు అంటించి '192.168.1.2, డీహెచ్‌సీపీ ఆఫ్, పిన్ను గుచ్చవద్దు' అని మార్కర్‌తో రాసి వచ్చాను. మూడు నెలలకు మళ్లీ ఫోన్. సెలవులకు వచ్చిన మనవడు గేమ్ ఆగిపోతోందని వాళ్ల నానమ్మ హెయిర్‌పిన్నుతో ఆ కన్నంలో గట్టిగా నొక్కాడట.

"మళ్లీ ఇద్దరు కాంపౌండర్లు వచ్చారు అబ్బయ్యా, ఒకసారి రా," అన్నారు మాస్టారు.