బంతి చేతిలో లేని గార్డ్: జాక్ లవీన్ విలువపై తగువుకు ఏడు దశాబ్దాల నేపథ్యం

2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని చికాగో బుల్స్ జట్టు జాక్ లవీన్‌ను సాక్రమెంటో కింగ్స్‌కు ఇచ్చేసింది. శాన్ ఆంటోనియో స్పర్స్ కూడా పాలుపంచుకున్న ఆ మూడు జట్ల మార్పిడిలో చికాగోకు దక్కింది ముగ్గురు ఆటగాళ్లు, 2021లో తానే వదులుకున్న ఒక తొలి రౌండ్ డ్రాఫ్ట్ హక్కు (కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే అవకాశం) మాత్రమే. లీగ్‌లోని మేటి ఆటగాళ్లకు దక్కే ఆల్‌స్టార్ గౌరవానికి రెండుసార్లు ఎంపికై, 2020-21 సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 27.4 పాయింట్లు సాధించిన షూటింగ్ గార్డ్‌కు (ప్రధానంగా బయటి నుంచి షాట్లు వేసే ఆటగాడికి) ఇంత తక్కువ ధర పలకడం చాలామందికి మింగుడుపడలేదు. 2022లో రాసుకున్న అయిదేళ్ల, 21.5 కోట్ల డాలర్ల ఒప్పందమే గుదిబండ అయిందన్న మాట అప్పట్లో గట్టిగా వినిపించింది. ఆ మాటలో నిజం ఉంది. అయితే ఆ ఒప్పందం పుట్టడానికీ, తర్వాత బరువుగా మారడానికీ మూలమైన తగువు అంతకంటే చాలా పాతది. సహచరుల కదలికల నుంచి, పాసుల నుంచి పాయింట్లు పిండుకునే గార్డ్‌ను జట్టు ఎలా వాడుకోవాలి, అతడికి ఎంత విలువ కట్టాలి అన్న ప్రశ్నకు ఎన్‌బీఏ ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెబుతూ వచ్చింది.

ఈ కథ బోస్టన్‌లో మొదలవుతుంది. 1950లలో సెల్టిక్స్ జట్టులో బాబ్ కూజీ బంతిని నడిపేవాడు. బిల్ షార్మన్ మాత్రం బంతి అవసరం లేకుండానే కోర్టు అంతా పరిగెత్తి, కూజీ చూపు తనవైపు తిరిగే క్షణానికి షాట్‌కు అనువైన చోట నిలబడి ఉండేవాడు. ఫౌల్‌కు దక్కే ఫ్రీ త్రోల కచ్చితత్వంలో లీగ్‌లో ఏడుసార్లు అగ్రస్థానంలో నిలిచిన షార్మన్ 1961లో సెల్టిక్స్‌ను వీడాక, అప్పటికే నాలుగేళ్లుగా జట్టులో ఉన్న శామ్ జోన్స్ ఆ స్థానాన్ని అందుకున్నాడు. వేగం, ఎత్తు, బోర్డుకు తగిలించి బుట్టలో వేసే షాట్ మీద గురి ఉన్న జోన్స్ పన్నెండు సీజన్లలో పది టైటిళ్లు గెలిచిన జట్లలో ఆడాడు. 1954లో వచ్చిన 24 సెకన్లలోపు షాట్ వేయాలన్న షాట్ క్లాక్ నియమం ఆటను పరుగులు పెట్టించింది కాబట్టి, ఎదురుదాడిలో ముందుగా పరిగెత్తి కోర్టు అంచుల్లో నిలిచే గార్డ్‌కు గిరాకీ పెరిగింది. అప్పట్లో ఇలాంటి ఆటగాడిని ఎవరూ లోపమున్నవాడిగా చూడలేదన్నది గుర్తుంచుకోవాలి. ఒకరు ఇచ్చేవారు, ఒకరు ముగించేవారు అన్న పని విభజన సహజమనే అనుకున్నారు.

బంతి లేని ఆట ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చెప్పుకోకపోతే తర్వాతి వాదన అర్థం కాదు. సహచరుడొకడు డిఫెండర్ దారికి అడ్డంగా స్క్రీన్ పెట్టి నిలబడినప్పుడు, దాన్ని ఆనుకుని పరిగెత్తే గార్డ్ ముందుగా చూడవలసింది తన డిఫెండర్‌నే, బంతిని కాదు. డిఫెండర్ వెనకపడి తరుముతూ వస్తుంటే గార్డ్ స్క్రీన్ చుట్టూ ఒంపు తిరిగి బుట్ట వైపు వెళ్లాలి. డిఫెండర్ అడ్డదారిలో స్క్రీన్ కింద నుంచి దూరితే, గార్డ్ వెనక్కి జరిగి మూల వైపు విచ్చుకుని షాట్‌కు సిద్ధం కావాలి. స్క్రీన్ దాకా కూడా రానీయకుండా డిఫెండర్ ముందే కాచుకుని కూర్చుంటే, ఒక్క అడుగు బయటికి వేసి వెంటనే అతడి వీపు వెనక నుంచి బుట్ట వైపు దూసుకుపోవాలి. ఈ నిర్ణయం అర సెకను కూడా పట్టని వ్యవధిలో, పరుగులోనే జరగాలి. ఆ తర్వాత బంతి అందే సరికి పాదాలు సర్దుకుని, నడుము నిలిచి, చూపు రిమ్ మీద ఉండాలి. ఒంట్లో దూకుడు ఉన్న గార్డ్‌కు ఇక్కడ మూడు లాభాలున్నాయి. తరుముతున్న డిఫెండర్‌కు అందనంత ఎత్తుకు లేచి షాట్ వేయగలడు. వెనక నుంచి చేసే కట్‌కు గాల్లో పాస్ అందితే దాన్ని నేరుగా డంక్ చేయగలడు, అంటే పైనుంచి బుట్టలోకి దించగలడు. ఎదురుదాడిలో రెండు మూడు అంగల్లో అందరినీ దాటేయగలడు. ఇంతవరకూ శరీరం సాయపడుతుంది. డిఫెండర్ ఎటు మొగ్గుతున్నాడో చదవడం, పరుగు వేగాన్ని తగ్గించి ఒక్కసారిగా పెంచడం, నలభై నిమిషాలు ఆగకుండా తిరిగే ఓపిక మాత్రం ఎత్తుకు ఎగిరే కాళ్లతో రావు.

దీనికి 1996 మార్చిలో జరిగిన ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ జట్ల) టోర్నీ మ్యాచ్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అంతకు ముందు ఏడాది విజేత అయిన యూసీఎల్‌ఏను, కోచ్ పీట్ కారిల్ నడిపిన ప్రిన్స్‌టన్ జట్టు 43-41తో ఓడించింది. ఆఖరి క్షణాల్లో గెలుపు తెచ్చిన బుట్ట డిఫెండర్ వీపు వెనక నుంచి చేసిన కట్‌తో వచ్చిన మామూలు లేఅప్ (బుట్ట పక్కనుంచి వేసే షాట్). ఎత్తులోనూ వేగంలోనూ ఎంతో ముందున్న జట్టును ఒక తొలి ఏడాది విద్యార్థి వేసిన సరైన అడుగు పడగొట్టింది. పద్దెనిమిదేళ్ల తర్వాత అదే యూసీఎల్‌ఏ నుంచి లవీన్ ఎన్‌బీఏలోకి వచ్చాడు.

ఈలోగా నియమాలు ఆటను రెండు దిక్కులకు లాగాయి. 1979-80లో ఎన్‌బీఏలో వచ్చిన మూడు పాయింట్ల గీత (దాని అవతలి నుంచి వేసే షాట్‌కు మూడు పాయింట్లు) మొదట్లో పెద్దగా వాడుకలోకి రాకపోయినా, 1987లో ఇండియానా పేసర్స్‌లో చేరిన రెజీ మిల్లర్ దాన్ని బంతి లేని ఆటకు ఊపిరిగా మార్చాడు. సన్నని ఒళ్లు, గొప్పగా చెప్పుకునే ఎగురుడు లేదు. స్క్రీన్ తర్వాత స్క్రీన్ దాటుతూ డిఫెండర్‌కు ఊపిరాడనీయకుండా తిరగడమే అతడి బలం. 18 సీజన్లలో 2,560 త్రీ పాయింటర్లు వేశాడు. 1993 నుంచి 1997 దాకా అతడికి కోచ్‌గా ఉన్న లారీ బ్రౌన్, తర్వాత డెట్రాయిట్‌లో రిచర్డ్ హామిల్టన్‌తో దాదాపు అదే పని చేయించాడు. 2002లో వాషింగ్టన్ నుంచి వచ్చిన హామిల్టన్‌కు ముక్కు గాయాల వల్ల వేసుకున్న ముసుగు ఎంత గుర్తింపు తెచ్చిందో, ఆగని పరుగు అంత పేరు తెచ్చింది. బంతిని చాన్సీ బిలప్స్ చూసుకునేవాడు. 2004 ఫైనల్స్‌లో లేకర్స్‌ను 4-1తో ఓడించిన ఆ జట్టులో, జట్టును నేనే నడపాలన్న పట్టుదల హామిల్టన్‌కు ఎన్నడూ లేదు.

హామిల్టన్ చదివిన కనెక్టికట్ విశ్వవిద్యాలయం నుంచే, అదే కోచ్ జిమ్ కల్హూన్ చేతుల మీదుగా వచ్చిన రే అలెన్ కథ లవీన్‌కు ఇంకా దగ్గరగా ఉంటుంది. 1997 డంక్ పోటీలో పాల్గొన్నంత దూకుడున్న యువకుడు అలెన్. మిల్వాకీ, సియాటిల్ జట్లలో ప్రధాన స్కోరర్‌గా ఆడి, 2006-07లో మ్యాచ్‌కు 26.4 పాయింట్లు చేశాడు. మరుసటి ఏడాది బోస్టన్‌లో కెవిన్ గార్నెట్, పాల్ పియర్స్‌ల పక్కన చేరగానే ఆ సగటు 17.4కు దిగింది, టైటిల్ మాత్రం చేతికొచ్చింది. తొమ్మిది పాయింట్లు వదులుకోవడాన్ని అలెన్ తన పతనంగా భావించలేదు, జట్టు అలా భావించనివ్వలేదు. 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో మయామీ తరఫున, వెనక్కి అడుగులు వేస్తూ మూల గీత దగ్గర పాదాలు సర్దుకుని అతడు వేసిన త్రీ పాయింటర్ ఆ పాత్రలో పండిన విద్య.

రెండో దిక్కు వేరు. 2001లో జోన్ డిఫెన్స్‌కు (మనిషిని కాక స్థలాన్ని కాచే పద్ధతికి) అనుమతి ఇచ్చాక బుట్ట చుట్టూ సహాయ డిఫెండర్లు ముందే కాపు కాయడం తేలికైంది, బయట నిలిచే షూటర్ విలువ పెరిగింది. 2004-05 నుంచి చేతితో ఆపడాన్ని రిఫరీలు కఠినంగా శిక్షించడంతో, బంతి ఉన్న గార్డ్‌కు విడుదల దొరికినట్టయింది. జట్లు మ్యాచ్‌లో ఎక్కువ భాగాన్ని ఒకే గార్డ్ చేతిలో పెట్టి, పిక్ అండ్ రోల్ (సహచరుడి స్క్రీన్‌ను వాడుకుని ఇద్దరు కలిసి చేసే దాడి) ఆడించడం మొదలుపెట్టాయి. పాయింట్లు చేసే ప్రతి గార్డ్ బంతిని కూడా నడపాలన్న అంచనా అక్కడి నుంచే బలపడిందని, బంతి లేకుండా ఆడేవాడిని రెండో తరగతి ఆటగాడిగా చూసే అలవాటు అలాగే వచ్చిందని నా నమ్మకం.

ఆ అలవాటుకు ఎదురు నిలిచిన పేరు క్లే థాంప్సన్. 2016 డిసెంబరులో ఇండియానాపై 29 నిమిషాల్లో 60 పాయింట్లు చేసిన రోజున అతడు బంతిని నేలకు కొట్టింది 11 సార్లే. మొత్తం మీద బంతి అతడి చేతుల్లో ఉన్నది సుమారు 90 సెకన్లు. గోల్డెన్ స్టేట్‌లో స్టీఫెన్ కర్రీ, డ్రేమాండ్ గ్రీన్ లాంటి పాసర్లు చుట్టూ ఉండటం ఇందుకు తప్పనిసరి షరతు. థాంప్సన్ బలహీనతలు కూడా అక్కడ కప్పబడ్డాయి. తనంతట తాను డ్రిబుల్ నుంచి పాస్ సృష్టించే నేర్పు అతడిలో పరిమితమే. అయితే ఎదుటి జట్టు గార్డ్‌ను అడ్డుకునే కష్టమైన పనిని ఏళ్ల తరబడి నిలకడగా చేశాడు గనుక, ఆ లోటు జట్టుకు ఎప్పుడూ బరువు కాలేదు.

ఇక లవీన్. 2013-14లో యూసీఎల్‌ఏ తరఫున ఎక్కువగా బెంచి నుంచి వచ్చి మ్యాచ్‌కు 9.4 పాయింట్లు చేసిన పందొమ్మిదేళ్ల కుర్రవాణ్ని మిన్నెసోటా 13వ ఎంపికగా తీసుకుంది. కాలేజీలో బంతిని ఎక్కువగా నడిపింది కైల్ ఆండర్సన్. లవీన్ గాల్లోకి లేచే తీరు, త్వరగా వదిలే షాట్ చూసి ముచ్చటపడనివారు లేరు. 2015, 2016 డంక్ పోటీల్లో వరుసగా గెలిచాడు. రెండోసారి టొరంటోలో ఆరన్ గోర్డన్‌తో సాగిన పోటీ ఇప్పటికీ చెప్పుకునేది. కానీ మొదటి సీజన్‌లోనే రికీ రూబియో చీలమండ గాయంతో దూరమవడంతో, కోచ్ ఫ్లిప్ సాండర్స్ అతడిని బంతిని నడిపే పాయింట్ గార్డ్‌గా దించాడు. ఎత్తుగా లేచే డ్రిబుల్, ఒత్తిడిలో ఆలస్యంగా వచ్చే పాస్, స్క్రీన్ వెనక చిక్కుకుపోయే డిఫెన్స్ అన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. అవి అతడిలో ఉన్న నిజమైన లోపాలే. అయినా పని నేర్చుకోవలసిన ఏడాదిలో, తనకు అన్నిటికంటే తక్కువ వచ్చిన పనిని అప్పగించడం వల్ల అవి అతడి గుర్తింపుగా ముద్రపడ్డాయి. షూటింగ్ గార్డ్ స్థానానికి మారాక ఆట తేటపడింది. 2017 ఫిబ్రవరిలో ఎడమ మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగే నాటికి మ్యాచ్‌కు 18.9 పాయింట్లు చేస్తున్నాడు.

ఆ వేసవిలో జిమ్మీ బట్లర్ కోసం జరిగిన మార్పిడిలో చికాగోకు చేరాడు. బట్లర్ స్థానంలో వచ్చినవాడు గనుక బట్లర్‌లా జట్టును మోయాలన్న అంచనా వెంటే వచ్చింది. పాయింట్ల సంఖ్య ఆ అంచనాను సమర్థించినట్టే కనిపించింది. 2019 నవంబరులో షార్లట్‌పై 13 త్రీ పాయింటర్లతో 49 పాయింట్లు చేసి, ఆఖరి షాట్‌తో గెలిపించాడు. 2020-21లో త్రీ పాయింటర్లలో 41.9 శాతం సాధించాడు. ఒంటరిగా ఇంత కష్టమైన షాట్లు వేయగలగడమే అతడికి చేటు చేసిందని నేను అనుకుంటాను. ఆఖరి నిమిషాల్లో రెండో డిఫెండర్ మీదికి వచ్చినప్పుడు బంతిని ముందే వదలవలసిన చోట మరో డ్రిబుల్ వేసి పొరబడటం, తన మనిషిని మరిచి బంతినే చూస్తూ ఉండగా ఎదుటివాడు వెనక నుంచి కట్ చేసి పోవడం పదేపదే జరిగాయి. ఎదుటి జట్టును స్వయంగా కట్‌లతో ఏడిపించగలిగిన ఆటగాడు అదే కట్‌లకు మోసపోవడం ఈ కోవ గార్డ్‌ల చరిత్రలో కొత్తేమీ కాదు. దాడిలో ఖర్చయిన శ్రమ డిఫెన్స్‌లో లోటుగా తేలుతుంది.

అతడి సరైన పాత్ర రెండుసార్లు స్పష్టంగా కనిపించింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కెవిన్ డ్యురాంట్, డేమియన్ లిల్లార్డ్, జ్రూ హాలిడేలున్న అమెరికా జట్టులో బంతి బాధ్యత తప్పింది. పరుగు, కట్, త్రీ పాయింటర్, డిఫెన్స్‌లో ఒత్తిడి అన్న నాలుగు పనులతో స్వర్ణం గెలిచిన జట్టుకు అక్కరకొచ్చాడు. ఆ వెంటనే మొదలైన సీజన్‌లో లోంజో బాల్, డీమార్ డిరోజన్ చికాగోకు వచ్చారు. బాల్ కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి విసిరే పాసులు లవీన్ కాళ్లకు సరిగ్గా కుదిరాయి. 2022 జనవరిలో బాల్ మోకాలి గాయంతో తప్పుకుని రెండేళ్లకు పైగా ఆడలేకపోవడంతో ఆ ప్రయోగం అర్ధాంతరంగా ఆగింది. ఆ ఏడాది మిల్వాకీతో ఆడిన నాలుగు మ్యాచ్‌లే చికాగోలో లవీన్ ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ) అనుభవం మొత్తం. తర్వాత మోకాలికి, 2024లో పాదానికి శస్త్రచికిత్సలు జరిగాయి.

సాక్రమెంటోకు అతడు చేరిన మార్పిడిలోనే ఆ జట్టు తన పాయింట్ గార్డ్ డియారన్ ఫాక్స్‌ను వదులుకుంది. అంటే బంతిని అందించవలసినవాడు వెళ్లిపోయిన రోజునే దాన్ని అందుకోవలసినవాడు వచ్చాడు. ఏప్రిల్‌లో సొంత కోర్టులో జరిగిన ప్లే-ఇన్ (ప్లేఆఫ్స్‌లో చోటు కోసం ఆడే) మ్యాచ్‌లో కింగ్స్‌ను డాలస్ 120-106తో ఓడించింది. అప్పటికి డాలస్‌కు ఆడుతున్న థాంప్సన్ ఆ మ్యాచ్‌లో 23 పాయింట్లు చేశాడు. ఆ వేసవిలో కింగ్స్ యాజమాన్యం డెన్నిస్ ష్రోడర్ అనే పాయింట్ గార్డ్‌తో ఒప్పందం కుదుర్చుకుంది.