తాగుడు మాన్పించడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: మనసు గట్టిగా ఉంటే చాలు, తాగుడు ఒక్కసారిగా మానేయొచ్చు. నాలుగు రోజులు గదిలో పెట్టి గడియ వేస్తే మనిషి దారికొస్తాడు.

నేను సైకియాట్రిస్టుని, పని డీఅడిక్షన్ వార్డులో. ఈ మాట చెవిన పడని వారం ఉండదు. గడియ వేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు విసిగి వేసారిన భార్యలు, తల్లులు, రాత్రంతా కాపలా కాసిన అన్నదమ్ములు. ‘ఫలానా ఆయన ఒక్క రోజులో మానేశాడు, మీవాడికేం రోగం’ అని వాళ్లకు నూరిపోసే సలహాదారుల మీదే నా కోపమంతా.

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషికి మందు ఒక్కసారిగా ఆగిపోతే ప్రాణం పోవచ్చు. హెరాయిన్ మానేవాళ్లు నరకం చూస్తారు, సిగరెట్ మానేవాళ్లకు చిరాకు తలకెక్కుతుంది. అయినా ఆ విత్‌డ్రాయల్‌తో, అంటే అలవాటైనది ఆగినప్పుడు ఒంట్లో పుట్టే బాధలతో, చనిపోవడం అరుదు. మందూ, బెంజోడయజిపైన్ రకం నిద్రమాత్రలూ అలా కాదు. వీటిని హఠాత్తుగా ఆపడమే ప్రమాదం.

కారణం మెదడులో ఉంది. మెదడును శాంతపరిచే రసాయనం గాబా, ఉత్తేజపరిచే రసాయనం గ్లుటమేట్. మందు గాబా పనిని పెంచి మెదడును జోకొడుతుంది, గ్లుటమేట్‌ను అణిచేస్తుంది. రోజూ ఇదే జరుగుతుంటే మెదడు తన పని సాగడానికి గాబాకు స్పందించడం తగ్గించుకుంటుంది, గ్లుటమేట్‌ను అందుకునే రిసెప్టర్లను పెంచుకుంటుంది. తలుపును అవతలి నుంచి ఒకరు తోస్తుంటే ఇవతల మనమూ అంతే బలంగా తోస్తూ నిలబడ్డామనుకోండి. అవతలి మనిషి చటుక్కున తప్పుకుంటే మనం బోర్లా పడతాం. విత్‌డ్రాయల్‌లో జరిగేది అదే. చేతులు వణుకుతున్నది భయంతో కాదు, నటన అంతకన్నా కాదు. అదుపు తప్పిన నాడీవ్యవస్థ వణికిస్తోంది. దాన్ని సంకల్పబలంతో ఆపమనడం, జ్వరాన్ని సంకల్పబలంతో దించుకోమనడం ఒకటే.

చివరిసారి తాగిన ఆరు గంటల నుంచే వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు మొదలవుతాయి, నిద్ర పట్టదు. ఫిట్స్ వచ్చేవాళ్లకు ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్య వస్తాయి. అన్నిటికన్నా మోసం చేసేది ఆ తర్వాతి దశ, డెలీరియం ట్రెమెన్స్. ఇది సాధారణంగా 48 నుంచి 96 గంటల మధ్య వస్తుంది. మనిషికి లేనివి కనబడతాయి, వినబడతాయి. తానెక్కడున్నాడో, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. ఒళ్లు కాలిపోతుంది, బీపీ, గుండె వేగం పెరిగిపోతాయి. సరైన చికిత్స లేని రోజుల్లో ఈ దశకు వచ్చినవాళ్లలో మూడింట ఒక వంతు దాకా చనిపోయేవారు. ఇప్పుడు సకాలంలో వైద్యం అందితే ఆ సంఖ్య 5 శాతం లోపే ఉంటుంది.

కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. మొదటి రోజు వణికాడు, రెండో రోజు కాస్త తేరుకున్నట్టున్నాడు, ఇంక గండం గట్టెక్కిందని కాపలా వదిలేస్తారు. అసలు గండం మూడో రోజు వస్తుంది.

అలా మూడో రోజు రాత్రి ఒకాయన్ని తీసుకొచ్చారు. గోడ మీద పురుగులు పాకుతున్నాయని వాటిని ఏరి జేబులో వేసుకుంటున్నాడు. తమ్ముడు మాత్రం ‘నాటకం సార్, మందు కోసం చేస్తున్నాడు’ అంటూనే ఉన్నాడు. వాళ్లమ్మ ఏమీ మాట్లాడలేదు. రెండు రోజులకు ఆయన తెప్పరిల్లి ఆమెను గుర్తుపట్టాక నన్ను పక్కకు పిలిచి, ‘గడియ వేసింది నేనే డాక్టరుగారూ, నా చేతులతో నేనే పోగొట్టుకునేదాన్నా?’ అని అడిగింది. ‘మీకెవరూ చెప్పలేదమ్మా, తెలియగానే తీసుకొచ్చారు, అందుకే బతికాడు’ అన్నాను. ఈ పోస్టు రాస్తున్నది అలాంటి తల్లులకు ముందే తెలియాలని.

‘సరిగా తినక ఫిట్స్ వచ్చాయి, బలానికి ఏదైనా పెడితే పోతాయి’ అనే మాట కూడా వింటుంటాను. ఈ ప్రశ్నకు జవాబు దొరికి చాలా కాలమైంది. 1955లో అమెరికాలో హారిస్ ఇస్బెల్ బృందం కొందరు వాలంటీర్లకు మంచి తిండి, విటమిన్లు ఇస్తూనే వారాల తరబడి మందు తాగించి, ఒక్కసారిగా ఆపేసింది. ఎక్కువ కాలం తాగినవాళ్లలో కొందరికి ఫిట్స్ వచ్చాయి, కొందరు డెలీరియంలోకి వెళ్లారు. తిండి బాగున్నా మందు ఆగడమే అందుకు కారణమని తేలింది. ఇలాంటి ప్రయోగాన్ని ఈరోజు ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కానీ ఆ మనుషులు పడిన బాధతో తేలిన సంగతిని మనం ఇంకా పట్టించుకోకపోతే ఎలా?

అలాగని అందరికీ ఇంత తీవ్రంగా వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. విత్‌డ్రాయల్ లక్షణాలు వచ్చినవాళ్లలో డెలీరియం దాకా వెళ్లేది నూటికి సుమారు ఐదుగురే. అయితే ఆ ఐదుగురిలో మీ ఇంటి మనిషి ఉంటాడా లేదా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదు. గతంలో మానేసినప్పుడు ఫిట్స్ గానీ డెలీరియం గానీ వచ్చిందా? పొద్దున్నే వణుకు ఆగడానికి తాగాల్సి వస్తోందా? నిద్రమాత్రలు కూడా వాడుతున్నారా? వయసు పైబడిందా, లివర్ జబ్బు, ఇన్ఫెక్షన్ లాంటివేమైనా ఉన్నాయా? వీటిలో ఒక్కదానికి అవునన్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు. ఇంకో మాట: మానడం, మొదలుపెట్టడం, మళ్లీ హఠాత్తుగా మానడం ఇలా పదేపదే జరిగితే విత్‌డ్రాయల్ తీవ్రత పెరుగుతూ పోతుంది. దీన్ని మేం కిండ్లింగ్ అంటాం. ‘పోయినసారి ఇంట్లోనే మానాడు, ఏమీ కాలేదు’ అన్న ధీమా అందుకే పనికిరాదు.

‘మరి తాగిస్తూ ఉండమంటారా?’ అని కోపంగా అడుగుతారు. ఆ కోపం న్యాయమే. డాక్టర్ని కలిసేదాకా హఠాత్తుగా ఆపకండి, కలవడం వాయిదా వేయకండి. నేను చెప్పేది ఆ రెండూ కలిపి. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి అయోమయంగా ఉన్నా, లేనివి కనబడుతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకురండి. అక్కడ డాక్టర్లు చాలావరకు బెంజోడయజిపైన్లు మొదలుపెట్టి, కొద్ది రోజుల్లో డోసు తగ్గించుకుంటూ ఆపేస్తారు. ‘ఒకటి మాన్పించి ఇంకోటి అలవాటు చేస్తారు’ అన్న భయం అక్కర్లేదు. అదే మాత్రలను మీరే కొని ఇంట్లో వేస్తే మాత్రం ఆ భయం నిజమవుతుంది. పైగా వాటి మీద మందు తాగితే ఊపిరి ఆగిపోవచ్చు.

నీరసంగా ఉన్నాడని ఎక్కడో ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి పంపేస్తే సరిపోదు. ఎక్కువగా తాగేవాళ్ల ఒంట్లో థయామిన్, అంటే బి1 విటమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి మెదడుకు ఆ విటమిన్ కావాలి. అందుకే గ్లూకోజ్ కన్నా ముందో, కనీసం దానితో పాటో థయామిన్ ఇంజెక్షన్ ఇస్తాం. అది లోపించి వచ్చే వెర్నికీ జబ్బులో చూపు అదుపు తప్పుతుంది, నడక తూలుతుంది, మనిషి అయోమయంలో పడతాడు. చూసేవాళ్లు తాగి ఉన్నాడనుకుంటారు. పట్టించుకోకపోతే కొత్త జ్ఞాపకాలు నిలవని కోర్సకాఫ్ స్థితి మిగులుతుంది, చాలామందికి అది పూర్తిగా నయం కాదు.

అపోహ: చెప్పకుండా మాత్ర కలిపిపెడితే మానేస్తాడు.

వద్దు. ఆ మాత్ర డైసల్ఫిరామ్. 1940ల్లో డెన్మార్క్‌లో హాల్డ్, యాకబ్‌సన్ అనే పరిశోధకులు దీన్ని కడుపులోని పురుగుల మందుగా పరీక్షిస్తూ తామే వేసుకున్నారు, ఆ తర్వాత మద్యం తాగి అనారోగ్యం పాలయ్యారు. దీని సంగతి అలా బయటపడింది. ఇది ఒంట్లో ఉండగా తాగితే, ఆల్కహాల్ విరిగేటప్పుడు తయారయ్యే అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోయి ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్న మనిషికి ఇది చావు తేవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఈ ముప్పు ఉంటుంది. తెలిసి, ఒప్పుకుని, ఇంట్లోవాళ్ల ఎదుట వేసుకునేవాళ్లకు ఇది మేలు చేస్తుంది. దొంగచాటుగా కలపడమంటే ప్రాణంతో చెలగాటం.

అపోహ: డీటాక్స్ అయిపోయింది, జబ్బు నయమైపోయింది.

డీటాక్స్, అంటే మందు ఆపి విత్‌డ్రాయల్‌ను వైద్యంతో దాటించడం, ఆరేడు రోజుల పని. చికిత్స ఆ తర్వాత మొదలవుతుంది. కోరికను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. నాల్ట్రెక్సోన్‌కు తాగుడు చికిత్స కోసం అమెరికాలో అనుమతి వచ్చింది 1994లోనే. ఇన్నేళ్లయినా వీటి పేరు కూడా వినకుండా డిశ్చార్జ్ అయ్యేవాళ్లను చూస్తే బాధేస్తుంది. లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఏది ఎవరికన్నది డాక్టర్ నిర్ణయిస్తారు. వీటితో పాటు కౌన్సెలింగ్, తాగకుండా గడిపే సాయంత్రాలకు ఒక వ్యాపకం కావాలి. ఇంకా, నిద్ర నెలల తరబడి సరిగా పట్టకపోవచ్చని ముందే తెలిసి ఉండాలి. ‘నిద్ర కోసం కాస్త’ అంటూ మళ్లీ గ్లాసు పట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

అపోహ: మళ్లీ తాగాడంటే ఇక ఆశ లేదు.

బీపీ మాత్రలు మానేసి బీపీ పెంచుకున్న మనిషిని ఎవరూ ‘ఇక నీకు వైద్యం దండగ’ అనరు. వ్యసనంలో మళ్లీ జారిపోయేవాళ్ల శాతం బీపీ, ఆస్తమా రోగుల్లో జబ్బు తిరగబెట్టే శాతానికి దగ్గరగానే ఉంటుందని 2000లో మెక్‌లెలన్, సహచరులు ప్రచురించిన సమీక్ష చూపింది. జారితే వెంటనే రండి, సిగ్గుపడి మూడు నెలల తర్వాత కాదు. ముఖ్యంగా ఆడవాళ్లు నలుగురూ ఏమంటారోనన్న భయంతో ఆలస్యంగా వస్తున్నారు.

ఇంకొన్ని గబగబా. ‘కొద్దిగా వైన్ గుండెకు మంచిది’: తాగనివాళ్ల లెక్కలో జబ్బు చేసి మానేసినవాళ్లను కలిపేసి, కొద్దిగా తాగేవాళ్లే ఆరోగ్యంగా ఉన్నట్టు చూపిన పాత అధ్యయనాలు ఆ భ్రమ కల్పించాయి. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 1988లోనే తేల్చింది. ‘బీర్ మందు కాదు’: అందులో ఉన్నదీ అదే ఆల్కహాల్. ‘జిమ్‌లో చెమట పడితే విషం పోతుంది’: వ్యాయామం నిద్రకూ, మనసుకూ మంచిదే, కానీ ఆల్కహాల్‌ను విరగ్గొట్టేది ప్రధానంగా లివర్.

‘తను రానంటే ఏం చేయాలి?’ ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న. మనిషి పూర్తిగా చితికిపోయేదాకా ఆగనక్కర్లేదు. క్రాఫ్ట్ అనే పద్ధతిలో ముందు ఇంట్లోవాళ్లకే శిక్షణ ఇస్తారు: తాగని రోజున దగ్గరగా ఉండడం, తాగినప్పుడు దాని ఫలితాలను కప్పిపుచ్చకపోవడం, చికిత్స మాట ఎత్తడానికి సరైన సమయం చూసుకోవడం. 1999లో వచ్చిన ఒక పోలిక అధ్యయనంలో ఈ పద్ధతి నేర్చుకున్న కుటుంబాల్లో 64 శాతం తమవాళ్లను చికిత్సకు తేగలిగాయి. అందరూ చుట్టుముట్టి నిలదీసే పద్ధతిలో అది 30 శాతమే. కాబట్టి ఆయన రాకపోయినా మీరు ఒక్కరే రండి. వచ్చేటప్పుడు రోజుకు ఎంత తాగుతున్నారు, చివరిసారి ఎప్పుడు తాగారు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఇంకేం మాత్రలు వాడుతున్నారు, ఇవి కాగితం మీద రాసుకుని తెండి.